గట్టిగా బిగించు తల్లీ

పొద్దున డెంటల్ ల్యాబ్‌లో జూనియర్లు వైర్ బెండింగ్‌తో కుస్తీ పడుతున్నారు. 0.5 మిల్లీమీటర్ల తీగ చుట్ట అయిపోయిందని ఒకమ్మాయి 0.7 తీగతో ఫింగర్ స్ప్రింగ్ (పంటిని పక్కకు నెట్టే సన్నటి తీగ) చేసి తెచ్చింది. "చూడక్కా, ఎంత నీట్‌గా వచ్చిందో!" నిజంగానే నీట్‌గా ఉంది. అది ఎంత బలంతో నెడుతుందో ఫోర్స్ గేజ్ పెట్టి చూడమన్నాను. ముల్లు ఎగిరేసరికి దాని మొహం చిన్నబోయింది.

తీగ బిరుసుతనం దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 0.5 బదులు 0.7 వాడితే స్ప్రింగ్ దాదాపు నాలుగు రెట్లు బిరుసెక్కుతుంది. పొడవు రెండింతలు చేస్తే మాత్రం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. నోట్లో అంత పొడవుకు చోటేదీ? అందుకే మూడు మిల్లీమీటర్ల వెడల్పున ఒక చుట్టు తిప్పి, పొడవునంతా అందులో దాచేస్తాం. పన్ను జరిగే కొద్దీ ఆ చుట్టు విచ్చుకునేలా ఉండాలి. దీన్ని తిరగేసి చుట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

నికెల్ టైటానియం స్ప్రింగులకు ఈ లెక్కల గొడవ తక్కువ. విలియం బ్యూలర్ అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో కనిపెట్టిన ఆ లోహాన్ని 1970లలో అయోవాలో జార్జ్ ఆండ్రియాసెన్ పళ్ల వైద్యంలోకి తెచ్చాడు. సాగదీసినా, కాస్త వదిలినా లాగే బలం పెద్దగా మారదు. పళ్లను దగ్గరకు లాగే రబ్బరు చైన్ అయితే మొదటి రోజుకే సగం బలం పోగొట్టుకుంటుంది. అయినా నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకునే ప్లేటులో బిగించే స్ప్రింగుకి మాత్రం చేత్తో వంచిన స్టీలు తీగే నాకిష్టం.

మధ్యాహ్నం ఓపీకి ఒక పిల్లాడు వాళ్ల అమ్మమ్మతో వచ్చాడు. ముందుపళ్ల మధ్య సందు మూయడానికి ప్లేటు వాడుతున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది. "నెలనెలా బస్సు ఛార్జీలకే సరిపోతోంది. ఈసారి గట్టిగా బిగించు తల్లీ, తొందరగా అయిపోతుంది." చదువుకున్నవాళ్లూ ఇదే అడుగుతారు, కాకపోతే ఇంగ్లీషులో.

పంటి వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు పొర ఉంటుంది. మెల్లగా నొక్కితే అందులో రక్తం ఆడుతూనే ఉంటుంది, కొద్ది రోజుల్లోనే ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. గట్టిగా నొక్కితే నాళాలు మూసుకుపోయి అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఇక ఎముక వెనకవైపు నుంచి తొలుచుకుంటూ రావాల్సిందే, అప్పటిదాకా పన్ను కదలదు. నొప్పి అదనం.

అసలు ఆవిడకు కావలసింది తక్కువ బస్సు ప్రయాణాలు. అందుకు మెత్తటి స్ప్రింగే దారి. పన్ను వంగి జరగడానికి ముప్పై, నలభై గ్రాముల బలం చాలు. అది రావడానికి మెత్తటి స్ప్రింగ్‌ని మూడు మిల్లీమీటర్లు వంచామనుకుందాం. పన్ను ఒక మిల్లీమీటరు జరిగాక కూడా మూడింట రెండొంతుల బలం మిగులుతుంది. పొద్దున్నటి 0.7 స్ప్రింగ్‌తో అదే బలం కావాలంటే ముప్పావు మిల్లీమీటరే వంచాలి. పన్ను అంత జరిగేసరికి బలం సున్నా.

ఆవిడకు ఈ అంకెలేవీ చెప్పలేదు. గట్టిగా బిగిస్తే ఇంకా ఆలస్యమవుతుందని మాత్రం చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి వీడు బడికెళ్లేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటున్నాడే, దాని సంగతేంటి?" అంది. పిల్లాడు నోరు మూసేసుకున్నాడు.