29 ఎక్కడిది?

మన కాలేజీ లైబ్రరీ మేడ మీద, పాత పత్రికల బీరువాల వెనుక, పన్నెండు కంప్యూటర్లున్న గది 2008-12 ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. తలుపు మీద ‘డిజిటల్ లైబ్రరీ’ అని బోర్డు. లోపల ఇంటర్నెట్ మాత్రం లేదు. ఉన్నదల్లా మద్రాస్ ఐఐటీ నుంచి హార్డ్ డిస్కులో వచ్చిన ఎన్‌పీటెల్ అనే ఇంజనీరింగ్ వీడియో పాఠాలు. వాటిని ఒక సర్వర్‌లోకి ఎక్కించి, ఆ గదికి కేబుళ్లు లాగారు.

2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి తలపెట్టిన పని అది. ఒక్కో సబ్జెక్టుకు దాదాపు 40 గంటల పాఠాలు. యూట్యూబ్‌లోనూ కొన్ని దొరికేవి. కానీ ఊళ్లో నెట్ సెంటర్ వేగం 256 కేబీపీఎస్. 300 ఎంబీల పాఠం ఒకటి దిగాలంటే రెండున్నర గంటలు, గంటకు పదిహేను రూపాయలు. హాస్టల్ కుర్రాళ్లం, ఆ డబ్బుంటే రెండు పూటలు టిఫిన్ తినేవాళ్లం.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఢిల్లీ ఐఐటీ దత్తారాయ్ గారి సర్క్యూట్ థియరీ పెట్టిన మొదటి రోజు, గంటసేపు విని, నాకు అర్థమైనవి సమీకరణాలు మాత్రమే. మద్రాస్ ఐఐటీ కె. రాధాకృష్ణారావు గారి అనలాగ్ పాఠాలు తెరిచినప్పుడు, పేరు చూసి మనవాడే కదా, మధ్యలో ఒక్క తెలుగు ముక్కయినా దొర్లకపోతుందా అని ఆశపడ్డాను. దొర్లలేదు.

మా బెంచీలో మూడోవాడిది నూజివీడు. మౌస్ ఎప్పుడూ వాడి చేతిలోనే. రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఆ రెండు నిమిషాల్లో చెప్పినది తెలుగులో మళ్లీ చెప్పేవాడు. వాడికీ అర్థం కాకపోతే వెనక్కి జరిపేవాడు. గంట పాఠం మూడు గంటలు పట్టేది. క్లాసులో ‘సార్, మళ్లీ చెప్పండి’ అనడానికి జంకే మేము, ఐఐటీ ఆచార్యుల చేత ఒకే వాక్యం ఆరుసార్లు చెప్పించాం. నిజం చెప్పాలంటే, నేను ఇంజనీరింగ్ నేర్చుకున్నది బొమ్మ ఆగి ఉన్నప్పుడే.

కరెంటు పోతే యూపీఎస్ పావుగంటే. లైబ్రరీలో పనిచేసే బాబాయ్ రిజిస్టరులో మా సంతకాలు పెట్టించుకుని, పరీక్షల ముందు మాత్రం పెన్ డ్రైవ్‌లలోకి కాపీ చేసుకోనిచ్చేవాడు. నాలుగు జీబీల డ్రైవ్‌లో పది పన్నెండు పాఠాలు పట్టేవి.

అలా కాపీ చేసుకున్న వాటిలో ఒకటి ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్ పాఠం. తనంతట తానే ఊగే సంకేతాన్ని పుట్టించే సర్క్యూట్ అది. రాత్రి పదింటికి హాస్టల్లో పెట్టాం. మూడు ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) జతలు, ఒక్కొక్కటి సంకేతాన్ని 60 డిగ్రీలు తిప్పితే మొత్తం 180. ఒక్కో జత దగ్గర సంకేతం సగమవుతుంది కాబట్టి యాంప్లిఫయర్ 8 రెట్లు పెంచితే చాలు. మరి పుస్తకంలో 29 అని ఎందుకుంది? సరిగ్గా ఆ ప్రశ్న ఆచార్యులే వేశారు. వెనుక జత ముందుదాని మీద భారం వేస్తుంది కాబట్టి విడివిడిగా లెక్క కట్టకూడదన్నారు. చాక్‌పీసు ఎత్తారు. బొమ్మ బిగుసుకుపోయింది. ఫైలు అంతవరకే కాపీ అయింది.

తెల్లారితే మిడ్ పరీక్ష. నూజివీడు వాడు గోడకున్న క్యాలెండర్ తిప్పి, వెనుక తెల్లని వైపు రాయడం మొదలుపెట్టాడు. మూడు లూపులు, మూడు సమీకరణాలు, రెండుచోట్ల గుర్తు తప్పు. ఒంటిగంటకు ఫ్రీక్వెన్సీ సూత్రంలోని రూట్ 6 వచ్చింది, ఆ వెంటే 29 వచ్చింది. పక్క గదుల వాళ్లు కూడా వచ్చి చూసి రాసుకున్నారు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు, అది వేరే సంగతి.

ఈ సంచికకు ఏం రాయాలా అని మొన్న ఆలోచిస్తూ ఆ పాఠం ఫోన్లో వెతికి, ఆగిపోయిన చోటు నుంచి చూశాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వెంటనే వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాడు.

“ఒరేయ్, ఆయన అరపేజీలో తేల్చేశారు. నువ్వు క్యాలెండర్ మొత్తం నింపావు.”

“29 వచ్చిందా?”

“వచ్చింది.”

“అయితే ఆ అరపేజీ ఫొటో తీసి పంపరా, గురువారం నాకు అదే క్లాసు” అన్నాడు.