సైడు చివరి ‘శ్రీ’

ఆదివారం భోజనాలయ్యాక ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చున్నాను. మా రికార్డ్ ప్లేయర్ టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2. దానికి కొత్త ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్, అంటే రికార్డు మీద నడిచే ముల్లుండే చిన్న డబ్బీ, బిగించాలి. గదిలో గాలి ఆడితే దాన్ని మోసే చెయ్యి, టోన్ ఆర్మ్, కుదురుగా నిలవదు.

ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్‌ని బిగించే హెడ్‌షెల్‌లో నాలుగు సన్నటి వైర్లుంటాయి. తెలుపు, నీలం ఎడమ చానెల్‌కి. ఎరుపు, ఆకుపచ్చ కుడికి. ట్వీజర్‌తో ఒక్కొక్కటీ తొడిగి, స్క్రూలు వదులుగానే ఉంచాను. హెడ్‌షెల్ వెనక ఉండే వాషర్ నుంచి ముల్లు మొన దాకా 52 మిల్లీమీటర్లని కంపెనీ లెక్క. నేను మాత్రం ముల్లు ఎక్కడ ఉండాలో చుక్కలతో చూపించే కొలత పలక, ప్రొట్రాక్టర్‌నే నమ్ముతాను. రికార్డు చెక్కిన యంత్రం అంచు నుంచి మధ్యకు తిన్నగా వెళ్తుంది. మన ఆర్మ్ ఒకచోట ఇరుసు మీద తిరుగుతూ వంపుగా వెళ్తుంది. అందుకే కేంద్రం నుంచి 66, 121 మి.మీ. దగ్గర, ఆ రెండు చోట్లే, ముల్లు గాడితో సరిగ్గా కలుస్తుంది. ఒక చుక్క దగ్గర కుదిరాక రెండోదాని దగ్గర చూస్తే వెంట్రుకవాసి తేడా. కార్ట్రిడ్జ్‌ని గోటితో కొంచెం జరపడం, మళ్లీ చూడడం. మధ్యాహ్నమంతా దీనికే పోయింది, పోనీ.

తర్వాత బరువు. ఆర్మ్‌ని బయటికి లాగే యాంటీ స్కేటింగ్ సున్నాలో పెట్టి, ఆర్మ్ వెనకుండే బరువు, కౌంటర్ వెయిట్ తిప్పుతుంటే ఆర్మ్ కాసేపు పైకీ కిందికీ ఊగి, గాల్లో అడ్డంగా నిలబడింది. అక్కడ దాని మీది అంకెల రింగు సున్నా చేసి, 1.8 గ్రాములకు తిప్పాను. యాంటీ స్కేటింగ్ కూడా అంతే. హెడ్‌షెల్ వంపు వల్ల ఆర్మ్ లోపలికి లాగుతుంటుంది, దానికి విరుగుడు ఇదే. ఇది అక్కర్లేదనే వాళ్లతో నేను ఒప్పుకోను.

పరీక్షకి 1963లో వచ్చిన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టాను.

"సాయంత్రం పూట సుప్రభాతమేంట్రా?" అంది అమ్మ.

"చివర్న మంగళాశాసనం వినాలమ్మా."

అంచు దగ్గర సెకనుకు యాభై సెంటీమీటర్లు పోయే గాడి, సైడు చివర్న లోపలికొచ్చేసరికి ఇరవైకి పడిపోతుంది. అదే శబ్దం అంత తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. సెట్టింగ్ కుదరకపోతే ‘శ్రీ’, ‘స’ గరగరమంటాయి. ఇవాళ ఒక్క ‘శ్రీ’ కూడా చిట్లలేదు. ఆ గొంతుకి ఈమాత్రం ఓపిక చూపించకపోతే ఎలా?

అమ్మ చేతిలో పని ఆపి, రెండో వైపు కూడా వెయ్యమంది. ఆర్మ్ వెనక భాగం కాస్త పైకున్నట్టుంది. ఆర్మ్ ఎత్తు మార్చే రింగు తిప్పి అర మిల్లీమీటరు దించి, అప్పుడు వేస్తాను.