దేవమాలి కింద, వాలు చేలో మా ట్రైలర్

ఆ పొద్దున నేను వేసిన అట్టు సగం అప్పడం, సగం ఊతప్పం. పిండి పెనం మీద పడగానే కిందికి జారి ఒక అంచున దిమ్మలా పేరుకుపోయింది. నూనె కూడా దాని వెనకే వెళ్లింది. మా ట్రైలర్ ఎంత వాలుగా నిలబడిందో చెప్పడానికి ఇంక వేరే పరికరం అక్కర్లేకపోయింది.

మేం ఉండేది ఒడిశాలో, కొరాపుట్ జిల్లా సునాబెడలో. అసలు ఊరు బొబ్బిలి దగ్గర. మావయ్య గారు తాపీ మేస్త్రి. ఎనభైల్లో పక్కనే దమన్‌జోడిలో నాల్కో అల్యూమినియం ఫ్యాక్టరీ కట్టుబడి జరుగుతున్నప్పుడు పని కోసం సాలూరు ఘాట్ ఎక్కి వచ్చి, ఇటే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేసియా. మూడూ కలిపి మాట్లాడినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

మా ఆయన విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. చిన్నదే. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, లోపల రెండు బెర్తులు, గ్యాస్ పొయ్యి, సింకు. బొలెరో వెనక తగిలించి లాగాలి. ముందుకు పొడుచుకొచ్చిన ఇనప భాగాన్ని ఏమనాలో తెలియక, ఎడ్లబండికి ఉన్నట్టే ఉందని మావయ్య గారు నొగ అన్నారు. మా ఇంట్లో అదే పేరు ఖాయమైంది.

మొదటి ట్రిప్పుకి దేవమాలి అనుకున్నాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. ఆ కొండ మలుపుల్లో ట్రైలర్ లాక్కుంటూ పైదాకా వెళ్లే ధైర్యం మాకు లేదు. కింద పొట్టంగి వైపు మా ఆయనకు తెలిసిన రైతు ఒకాయన, చోడి (రాగి) కోసేసిన చేను ఖాళీగా ఉంది, వచ్చి ఉండండి అన్నాడు. నవంబరు నెల. పక్క చేలన్నీ వలిసె పూలతో పచ్చగా ఉన్నాయి. ఆ పసుపు చూసి మేం నేల సంగతి మర్చిపోయాం. కొండ కింద చేను బల్లపరుపుగా ఎందుకుంటుంది?

చేరేసరికి చీకటి పడుతోంది, చలి మొదలైంది. మా ఆయన ట్రైలర్‌ని పల్లానికి వెనక పెట్టి ఆపేశారు. అంటే బొలెరో పైన, ట్రైలర్ కింద. చక్రాల వెనక చెరో ఇటుక పెట్టి, బొలెరోకి వేసిన గొలుసులు విప్పి, నొగ కింద ఉన్న చిన్న చక్రాన్ని దించి, రెండు బళ్లనీ కలిపే కొక్కెం లేపారు. కొక్కెం ఊడిన మరుక్షణమే ట్రైలర్ కదిలింది. నొగ కింద ఉన్నది కూడా చక్రమే కాబట్టి అది ఆపదు, పైగా దారి ఇస్తుంది. ఎడమ వైపు ఇటుక పొడి అయిపోయింది. కుడి వైపుది తడి మట్టిలో జారిపోయింది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి చేను గట్టుకి ఆనుకుని ఆగింది.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. కానీ మా చిన్నది అప్పుడే మెట్టు మీద కాలు పెట్టబోతోంది. దాని రెక్క పట్టుకుని లాగింది గుర్తుంది, ఆ తర్వాత పది నిమిషాలు ఏం చేశానో గుర్తులేదు. టెన్షన్ అనే మాట దానికి చాలదు.

మా ఆయన ఊరుకోలేదు. ట్రైలర్ నాలుగు మూలలా కిందికి దిగే ఇనప కాళ్లు ఉంటాయి, స్క్రూ తిప్పితే దిగుతాయి. పల్లం వైపు రెండు కాళ్లనీ తిప్పి తిప్పి ట్రైలర్‌ని పైకి లేపడానికి చూశారు. కొంచెం లేచినట్టే అనిపించింది. తర్వాత కిర్రుమని చప్పుడొచ్చి ఒక కాలు వంగింది. తలుపు చట్రంలో బిగుసుకుపోయి సగంలోనే ఆగిపోయింది. ఆ కాళ్లు ఉన్నది లోపల నడిచినప్పుడు ట్రైలర్ ఊగకుండా ఆనించుకోవడానికి. బరువు ఎత్తడానికి కాదు. ఒక మూల నుంచి ఎత్తితే కింద చట్రం మెలిపడుతుంది, తలుపు చెప్పేది అదే. ఆ రాత్రి అందరం బెర్తుల మీద నుంచి గోడ వైపుకి జారుతూ పడుకున్నాం. తల పల్లానికి ఉంటే రక్తమంతా మొహంలోకి వచ్చినట్టు ఉంటుంది. నేను మధ్యరాత్రి తిరగేసి పడుకున్నాను.

పొద్దున అట్టు సంగతి చెప్పాను కదా. దాని తర్వాత కాస్త పైకెక్కి సిగ్నల్ దొరికిన చోట మావయ్య గారికి ఫోన్ చేశాను. మా ఆయనకు చెప్పలేదు. "నువ్వేం ముట్టుకోకమ్మా, వాణ్ణి కూడా ముట్టుకోనివ్వకు" అన్నారు.

పదకొండింటికి పక్కింటి అబ్బాయి బండి వెనక కూర్చుని వచ్చారు. ఒళ్లో గోనెసంచి. అందులో రెండడుగుల రసమట్టం (వాలు ఉందో లేదో బుడగతో చూపించే మేస్త్రీల పరికరం), ప్లైవుడ్ ముక్కలు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న మద్ది చెక్కలు, ముక్కోణంగా కోసిన అడ్డు చెక్కలు నాలుగు. సాలూరంటే లారీలే కదా, అక్కడ బాడీలు కట్టే షెడ్డులో మిగిలిన చెక్కలు ఆయన ఎప్పుడో తెచ్చి అటక మీద పెట్టుకున్నారు. దేనికీ పనికిరావని అత్తయ్య గారు ఏళ్ల తరబడి సణిగిన చెక్కలు అవే.

ఆయన వచ్చేసరికి మా ఆయన వంగిన కాలు సరిచేద్దామని ట్రైలర్ కిందికి దూరబోతున్నారు. "ఒరే! జాకీ మీదున్న బండి కింద తల పెడతావా?" అని ఒక్క కేక వేశారు. నలభై రెండేళ్ల మనిషి పాక్కుంటూ బయటికొచ్చాడు. జాకీ జారితే చెప్పి జారదు. చెయ్యి పెట్టాల్సొస్తే కూడా ముందు బండి బరువు చక్రాల మీద ఉండాలి.

మళ్లీ బొలెరో తగిలించి, గొలుసులు వేసి, వంగిన కాలుతో సహా అన్నీ పైకి ఎత్తేసి, ట్రైలర్‌ని గట్టు నుంచి బయటికి లాగారు. తర్వాత మావయ్య గారు చేనంతా నడిచారు. అక్కడక్కడా రసమట్టం నేల మీద పెట్టి చూశారు. పెట్టిన ప్రతిసారీ అదే చోట దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ పెట్టేవారు. ఎందుకని అడిగితే, రెండు వైపులా బుడగ ఒకే చోట నిలబడితేనే మట్టం నిజం చెబుతోందని అర్థం అన్నారు. మా ఆయన ఫోన్‌లో లెవెల్ యాప్ చూపించబోయారు. మావయ్య గారు ఫోన్‌ని కూడా అలాగే తిప్పి పెట్టమన్నారు. రెండు రకాలుగా చూపించింది. వెనక కెమెరా ఉబ్బు, కవరు అంచు. ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది.

ఆయన ఎంచుకున్న చోట ట్రైలర్‌ని వాలుకి అడ్డంగా నిలబెట్టించారు, గట్టు ఎలా పోతుందో అలా. నిలువుగా పెడితే చక్రాలు దొర్లడానికి చూస్తాయి. అడ్డంగా పెడితే ఒక పక్క చక్రం పల్లంలో ఉంటుంది, అంతే. ఆ పల్లాన్ని చెక్కలతో నింపుకోవచ్చు. అడ్డంగా పెట్టినా మరీ ఏటవాలైతే ఒరిగిపోయే భయం ఉంటుంది. ఆయన లెక్క ప్రకారం ఆరంగుళాల కన్నా ఎక్కువ ఎత్తాల్సి వస్తే ఆ చోటే వద్దు, ఇంకో చోటు చూసుకోవాలి. ఇది పుస్తకాల్లో ఉన్న లెక్కో కాదో గానీ మేం ఇప్పటికీ దాన్నే పాటిస్తున్నాం.

తర్వాత కొలత. రసమట్టాన్ని ఇరుసుకి వరసలో నేల మీద పెట్టి, పల్లం వైపు కొసని బుడగ మధ్యకి వచ్చేదాకా పైకి లేపారు. కింద సందు అంగుళంపావు. "రెండడుగులకి అంగుళంపావు. చక్రానికీ చక్రానికీ మధ్య ఎంత?" టేపు పెట్టి చూస్తే ఆరడుగులు. "అయితే మూడు ముప్పావు." కాగితం లేదు, కాలిక్యులేటర్ లేదు. ఒకటిన్నర చెక్కలు రెండు, పైన ముప్పావు ప్లైవుడ్. సరిగ్గా మూడు ముప్పావు.

చెక్కల్ని మెట్ల వరసలో పేర్చారు, కింద పొడుగుది, పైన పొట్టిది. అలా అయితే చక్రం ఒక్కసారిగా ఎగరకుండా మెల్లగా ఎక్కుతుంది. మేకులు దిగ్గొట్టి ఒకదానితో ఒకటి కలిపారు. టైరు వెడల్పంతా చెక్క మీద ఉండాలట, అంచు బయటికి వేలాడితే టైరు పాడవుతుంది. ఇదంతా ట్రైలర్ బొలెరోకి తగిలి ఉండగానే. అదే ముఖ్యం. మేం ముందు రోజు విప్పేసి తర్వాత ఎత్తాలని చూశాం. అసలు తప్పు అక్కడే. పక్కకి ఉన్న వాలుని సరిచేయడం బండి లాగుతూనే జరగాలి, విప్పాక ఇక ఆ పని కుదరదు.

మా ఆయన బొలెరో నడిపారు. నేను అద్దంలో కనపడేలా పైవైపు నిలబడి చెయ్యి ఊపాను. పల్లం వైపు ఎవరూ ఉండకూడదని పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టారు. చక్రం చెక్క మీదికి ఎక్కింది. గుమ్మంలో రసమట్టం పెడితే బుడగ ఇంకా కాస్త ఎగువకే ఉంది. చోడి కోసిన ఎర్రమట్టి మెత్తగా ఉండి చెక్కలు అర అంగుళం దిగిపోయాయి. లెక్క తప్పు కాదు, నేల తప్పు. దించి, ఆ చోట మట్టిని తొక్కి గట్టిచేసి, ఇంకో అర అంగుళం ప్లైవుడ్ కలిపి మళ్లీ ఎక్కించారు. బుడగ గీతల మధ్యకి వచ్చి నిలబడింది. మా చిన్నది చప్పట్లు కొట్టింది.

అప్పుడు అడ్డు చెక్కలు. రెండు చక్రాలకీ, ముందూ వెనకా. నాలుగు. వాటిని కాలితో తన్ని బిగించాక, మా ఆయన్ని బ్రేకు మీద కాలు కొంచెం వదలమన్నారు. ట్రైలర్ వేలెడంత కదిలి అడ్డు చెక్కల్లోకి కూర్చుంది. తర్వాత హ్యాండ్‌బ్రేక్ వేయించారు. ఇప్పుడు బరువు అడ్డు చెక్కల మీద ఉంది, కొక్కెం మీద లేదు. అందుకే విప్పినప్పుడు గుంజలేదు. నొగ కింద చిన్న చక్రం తీసేసి, దాని బదులు పళ్లెంలాంటి కాలు బిగించి, కింద చెక్క పెట్టి, జాకీ తిప్పి కొక్కెం లేపారు. గొలుసులు మాత్రం అలాగే ఉంచారు. ఒక నిమిషం అందరం చూస్తూ నిలబడ్డాం. ఏమీ కదల్లేదు. అప్పుడు గొలుసులు.

ముందు వెనకల వాలు నొగ జాకీతోనే సరిపోయింది, నాలుగు తిప్పుల్లో. ఆఖర్న మూలల కాళ్లు. వంగినదాన్ని వదిలేసి మిగతా మూడూ నేలకు తగిలి ఇంకో సగం చుట్టు తిరిగేదాకా, అంతే. కింద చెక్క ముక్కలు. తలుపు ఈసారి గడప దాకా జారి టక్కున పడింది.

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉన్న ట్రైలర్లకి ఇది ఇంకా అవసరం. వాటిలో అమ్మోనియా ద్రవం తన బరువుకి తనే కిందికి పారాలి. బండి వాలుగా ఉంటే అది మధ్యలో నిలిచిపోయి ఫ్రిజ్ చల్లబడదు, అలాగే నడిపితే పూర్తిగా పాడవుతుంది. మాది కంప్రెసర్ ఫ్రిజ్ కాబట్టి ఆ రాత్రి బతికిపోయింది.

సాయంత్రం అట్లు గుండ్రంగా వచ్చాయి. మావయ్య గారు మూడు తిని, రాత్రి ట్రైలర్‌లో పడుకోమంటే ఒప్పుకోలేదు. చక్రాల మీద నిద్ర పట్టదట. వెళ్లే ముందు మా ఆయన్ని పిలిచి, పొద్దున మంచుకి నేల మళ్లీ మెత్తబడుతుంది, లేవగానే ఇంకోసారి మట్టం చూసుకోమని చెప్పారు. చూస్తే నిజంగానే బుడగ ఒక వెంట్రుక పక్కకి జరిగి ఉంది.

వచ్చేటప్పుడు అంతా వెనక నుంచి ముందుకి. కాళ్లు ఎత్తడం, కొక్కెం, గొలుసులు, ఆఖర్న అడ్డు చెక్కలు, తర్వాత చెక్కల మీద నుంచి మెల్లగా దిగడం. రెండో ట్రిప్పులో, కుందులి సంత దాటి ఆగిన చోట, నేను వెనక కాలు ఒకటి ఎత్తడం మర్చిపోయాను. పది గజాలు నాగలి దున్నినట్టు చాలు తీసుకుంటూ వెళ్లింది. మా ఆయన ఏమీ అనలేదు. మూల కాలు విషయంలో ఆయనకి మాట్లాడే హక్కు లేదు.

రసమట్టం అప్పటి నుంచి ట్రైలర్‌లోనే ఉండిపోయింది. మావయ్య గారు రెండుసార్లు అడిగారు. ఆయన దానితో నలభై ఏళ్లు గోడలు కట్టారు, అడగరా మరి. కొరాపుట్‌లో కొత్తది కొని ఇచ్చాం, ఖరీదైనదే. వరండా గచ్చు మీద పెట్టి చూశారు. అటు తిప్పి మళ్లీ పెట్టి చూశారు. బుడగ రెండో వైపుకి పోయింది. ఏమీ అనకుండా దాన్ని డబ్బాలో పెట్టి, ట్రైలర్ తాళం ఎక్కడుందని అడిగారు.