కస్సీ తీరంలో తెరచాప ఎత్తిన సాయంత్రం

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సెయ్ పక్కనే కస్సీ అని చిన్న ఊరు. మార్సెయ్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు పట్టుబట్టి అక్కడ నన్ను తెరచాప పడవ ఎక్కించింది. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు. ఆరున్నరకు బయల్దేరినా బోలెడంత వెలుగు.

రేవు దాటేదాకా ఇంజన్ మీదే. బయటికొచ్చి తెరచాప ఎత్తగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. నాకు టెన్షన్. “అడుగున పెద్ద బరువు బిగించి ఉంటుంది మామయ్యా, తిరగబడదు” అంది అమ్మాయి. ఇంజన్ ఆగాక కొండల్లో కీచురాళ్ళ రొద నీళ్ళమీదికి కూడా వినిపించింది. ఆ తీరాన్ని అలాగే చూడాలి, మోటారు మోతలో కాదు.

తెల్లటి సున్నపురాయి కొండల మధ్యకు సముద్రం ఇరుకుగా చొచ్చుకుపోయిన చోట్లను కలాంక్‌లు అంటారు. పోర్-మియు, పోర్-పాన్, ఆన్-వో ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మట్టి కనబడని రాతి పగుళ్ళలోంచి పైన్ చెట్లు వంకర తిరిగి పెరిగాయి. 2012 నుంచి ఇదంతా నేషనల్ పార్క్.

ఒకచోట ఈత కొడదామని ఆగాం. పడవ నడిపే ఆవిడ వెంటనే లంగరు వేయలేదు. ముందు కొసన నిలబడి నీళ్ళకేసి చాలాసేపు చూసింది. లేతగా కనిపిస్తే ఇసుక, నల్లగా కనిపిస్తే పోసిడోనియా అనే గడ్డి. పూలు పూసే మొక్క అది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. చేపపిల్లలు పెరిగేది అందులోనే. లంగరు దాన్ని ఒక్కసారి పెకిలిస్తే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. రెండుసార్లు చుట్టు తిరిగి, ఇసుక దొరికాకే గొలుసు వదిలింది. ఆవిడ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో! నీళ్ళు మాత్రం జిల్లుమన్నాయి.

పడమటి దిక్కున మోర్జియు కొన చూపించింది అమ్మాయి. 1985లో ఆన్రీ కోస్కేర్ అనే డైవర్ అక్కడ 37 మీటర్ల లోతున ఒక గుహ ద్వారం కనిపెట్టాడు. సొరంగం వెంట పైకి ఈదుకుంటూ వెళ్తే గాలి ఆడే గది. గోడల మీద గుర్రాలు, సీల్‌లు, చేతి ముద్రలు. కొన్నిటి వయసు సుమారు 27 వేల ఏళ్ళు. గీసినవాళ్ళు నడిచే లోపలికి వెళ్ళారు. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందుండేది మరి. అంటే మా పడవ కింద ఉన్నది వాళ్ళు వేటాడుతూ తిరిగిన నేల! ఈ సంగతి తెలిశాక ఇక కొండల కన్నా నీళ్ళనే ఎక్కువ చూశాను.

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా 394 మీటర్ల కాప్ కనాయ్ కొండ. ఇటువైపు కొండలన్నీ తెలుపు, అదొక్కటీ ఎరుపు. వాలుపొద్దు పడి నిప్పుకణికలా ఉంది. అంతలో గాలి పడిపోయింది, తెరచాప టపటప కొట్టుకుంది. మళ్ళీ ఇంజనే దిక్కయింది.

ఆ గుహలోకి మామూలు జనాన్ని వెళ్ళనివ్వరు. అచ్చం అలాగే కట్టిన నమూనా గుహను 2022లో మార్సెయ్‌లో తెరిచారు. రేవు చేరేలోపే అమ్మాయి ఫోన్‌లో మర్నాటికి రెండు టికెట్లు తీసేసింది.