అడగకుండా మూసేసిన సెషన్

"సర్వర్‌లో మీ సెషన్ డిస్‌కనెక్ట్ అయి పడి ఉంది. లాగాఫ్ చేశాను. ఇకపై పని అవ్వగానే దయచేసి లాగాఫ్ చెయ్యండి." పొద్దున్నే వచ్చిన ఈ మెయిల్ నాకొక్కడికే కాదు, టీం మొత్తానికి కాపీ వెళ్లింది. పంపింది మా సీనియర్ ఇంజనీర్. మాటలో మర్యాదకు లోటేమీ లేదు. అయినా రోజంతా అది నన్ను వదల్లేదు. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. పదిమంది ముందు అన్న మాట ఎంత చిన్నదైనా, అది మన ఒక్కరితో పోదు. "వీళ్ల పని ఇంతే" అని మనవాళ్లందరికీ అంటుకుంటుందేమోనని దిగులు.

నా సెషన్, అంటే సర్వర్‌లో లాగిన్ అయి నేను తెరుచుకున్న పనిచోటు, ఊరికే పడి లేదు. పాత స్టోరేజ్ నుంచి కొత్త స్టోరేజ్‌కి రోబోకాపీ అనే విండోస్ కాపీ కమాండ్‌తో ఫైళ్లు వెళ్తున్నాయి. రాత్రంతా పట్టే పని కాబట్టి కావాలనే డిస్‌కనెక్ట్ చేసి బయటికొచ్చాను. దూరంగా ఉన్న సర్వర్ తెరని మన మెషీన్‌లో చూపే రిమోట్ డెస్క్‌టాప్‌లో డిస్‌కనెక్ట్ అంటే మనం తెర ముందు నుంచి లేవడం మాత్రమే. లోపల ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. కమాండ్ లైన్ నుంచి అదే పని చేసే టీఎస్‌డిస్‌కాన్ కొట్టినా అంతే. లాగాఫ్ సంగతి వేరు. సెషన్‌తో పాటు అందులో నడుస్తున్న ప్రతిదీ పోతుంది, సేవ్ చెయ్యనిది ఇక దొరకదు.

బయటివాళ్లకి ఇది వినడానికి చిన్న తేడా. కానీ ఎవరో ఒకరు వేరే మెషీన్ దగ్గర కూర్చుని లాగాఫ్ అని రాసి, పక్కన సెషన్ నంబరు, సర్వర్ పేరు ఇచ్చి ఎంటర్ కొడితే చాలు. "నిజంగానే తీసేయమంటారా" అని అడగదు. ఒక్క వరుసలో నా రాత్రంతా పని ఆగిపోయింది. రోబోకాపీ కాబట్టి సరిపోయింది. మళ్లీ మొదలుపెడితే అప్పటికే చేరిన ఫైళ్లను వదిలేసి మిగతావి తీసుకుంది, డేటా ఏదీ పోలేదు. అదే ఏ డేటాబేస్ పనో మధ్యలో ఉండుంటే?

ఆ పనిని, పెట్టిన సమయానికి దానంతటదే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టొచ్చు కదా అని ఎవరైనా అంటారు. నిజమే, అందులో పెడితే యూజర్ లాగిన్‌లో లేకపోయినా నడుస్తుంది. కానీ ఇక్కడ సర్వర్‌లో కొత్త షెడ్యూల్ పెట్టాలంటే మార్పు అనుమతి తీసుకోవాలి, మీటింగ్ దాకా ఆగాలి. ఒక్కసారి చేసి వదిలేసే కాపీ కోసం ఈ టీంలో ఎవరూ అంత దూరం వెళ్లరు. నేనూ వాళ్లు చేసేదే చేశాను.

మన దగ్గర పనిచేసిన రోజుల్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఎవరి సెషనైనా తీసేయాలంటే ముందు గ్రూపులో మెసేజ్ పడేది. జవాబు రాకపోతే ఫోన్. "అన్నా, ఆ సర్వర్‌లో ఉన్నది నువ్వేనా? తీసేయనా?" అవతల అన్న నిద్రలో ఉన్నా "ఒక్క అరగంట ఆగు తమ్ముడూ" అనేవాడు, ఆగేవాళ్లం. అది నాకు ఇప్పటికీ మంచి పద్ధతిగానే కనిపిస్తుంది. ఇక్కడి నిశ్శబ్దం కంటే ఆ నిద్రమత్తు గొంతే నయం.

అయితే నిజాయితీగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ మేం అడిగింది మర్యాద కోసం మాత్రమే కాదు. టీంలో అందరం ఒకే అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లం. సర్వర్‌లో ఎవరెవరు ఉన్నారో చూపే క్వెరీ యూజర్ కమాండ్ కొడితే కనిపించేది ఆ ఒక్క పేరే. పక్కన డిస్క్ (అంటే డిస్‌కనెక్ట్ అయింది) అనే స్థితి, ఎంతసేపు ఖాళీగా ఉంది, ఎప్పుడు లాగిన్ అయ్యారు అనేవి వస్తాయి గానీ, మనిషెవరో తెలియదు. అడగక తప్పదు. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో అకౌంట్. అదే కమాండ్ కొడితే నా పేరు అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. భద్రత పరంగా ఇదే సరైన పద్ధతి, అందులో సందేహం లేదు. కానీ పేరు ఎదురుగా కనిపిస్తున్నప్పుడు అడగడం ఇంకా తేలిక కావాలి కదా! ఎవరో తెలియనప్పుడు అందరినీ అడిగాం. ఫలానా అని తెలిసినప్పుడు ఒక్కరిని కూడా అడగలేదు. ఇదే నాకు మింగుడుపడలేదు.

మా సీనియర్ వైపు నుంచి కూడా ఆలోచించాను. విండోస్ సర్వర్‌లో అడ్మిన్ పనికి మామూలుగా ఇచ్చేది రెండు సెషన్లే. డిస్‌కనెక్ట్ అయి ఉన్నదీ ఆ లెక్కలోకే వస్తుంది. రాత్రి ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వెయ్యాల్సిన మనిషికి రెండూ నిండి ఉంటే చేతులు కట్టేసినట్టే. పైగా వదిలేసిన అడ్మిన్ సెషన్ వల్ల అసలైన ప్రమాదమే ఉంది. లాగిన్ వివరాలు ఆ మెషీన్ మెమరీలో ఉండిపోతాయి, లోపలికి చొరబడ్డవాడికి అవి దొరికితే మిగతా సర్వర్లకీ దారి దొరికినట్టే. పాస్‌వర్డ్ మార్చాక కూడా పాత సెషన్‌లో ఏదో ప్రోగ్రాం పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తూ అకౌంట్‌ని లాక్ చేయించడం ఈ పనిలో ఉన్న అందరూ చూసేదే. ఇవన్నీ ఆయన ఊహించి చెప్పేవి కావు, ఏళ్లుగా ఎదుర్కొన్నవి. అందుకే ఆయన మీద గౌరవం తగ్గలేదు. తీసేసిన సెషన్ నంబరు, సమయం టికెట్‌లో, అంటే ఆ పని నమోదులో, రాసిపెట్టారు కూడా. ఆ శ్రద్ధ మన దగ్గర నేను చాలా తక్కువగా చూశాను.

కానీ అడగడానికి సాధనం లేక కాదు. ఎంఎస్‌జీ అనే కమాండ్‌తో అవతలి సెషన్ తెర మీదికి నేరుగా ఒక వాక్యం పంపొచ్చు. చెప్పకుండా లాగాఫ్ చేస్తే డేటా పోవచ్చు, ముందు ఎంఎస్‌జీతో హెచ్చరించండి అని మైక్రోసాఫ్ట్ తన కమాండ్ల వివరణలోనే రాసింది. డిస్‌కనెక్ట్ అయిన సెషన్ ముందు మనిషి ఉండడు కాబట్టి ఆ మెసేజ్ నేను వెంటనే చూసేవాణ్ణి కాను, అది ఒప్పుకుంటాను. అలాంటప్పుడు ఫోన్ ఉంది.

కమాండ్లతో సర్వర్లని నడిపే పవర్‌షెల్‌లోనూ ఇదే గొడవ, కాకపోతే అక్కడ ఇంకాస్త లోతుగా దాగి ఉంటుంది. ముందే తెరిచి పెట్టుకున్న సెషన్‌లోకి వెళ్లి ఎగ్జిట్-పీఎస్‌సెషన్ కొడితే మనం బయటికొస్తాం, సెషన్ మాత్రం తెరిచే ఉంటుంది. దాన్ని మూసేది రిమూవ్-పీఎస్‌సెషన్. అది లోపల నడుస్తున్న కమాండ్‌ని కూడా ఆపేస్తుంది. పని సాగుతూ మనం తప్పుకోవాలంటే డిస్‌కనెక్ట్-పీఎస్‌సెషన్ ఉంది, 2012లో పవర్‌షెల్ 3.0తో వచ్చింది. అక్కడ కూడా జాగ్రత్త. మామూలుగా ఐడిల్ టైమవుట్ (ఖాళీగా ఉన్న సెషన్‌ని మూసేసే గడువు) రెండు గంటలు, లోపల కమాండ్ నడుస్తున్నా డిస్‌కనెక్ట్ చేసిన క్షణం నుంచి ఆ గడియారం తిరుగుతుంది. లినక్స్ వాళ్లు, మనం తప్పుకున్నా పనిని నడిపించే టీమక్స్‌లో పని పెట్టి, సర్వర్‌తో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ మూసేసి హాయిగా వెళ్తారు. వాళ్లని చూస్తే నాకు కొంచెం అసూయే.

రెండు రోజులు మనసులో పెట్టుకుని, టీం మీటింగ్‌లో నెమ్మదిగానే అన్నాను. లాగాఫ్ చేసే ముందు క్వెరీ ప్రాసెస్ కొట్టి, ఆ సెషన్ నంబరులో ఏం నడుస్తోందో చూడండి, ఏదైనా పని కనిపిస్తే ఫోన్ చెయ్యండి, అని. నా గొంతు వణుకుతుందేమో అనుకున్నాను గానీ వణకలేదు. సీనియర్ కాసేపు ఆలోచించి "రాత్రి రెండింటికి కూడానా?" అన్నారు. "రెండింటికి కూడా చెయ్యండి, నేను ఎత్తుతాను," అన్నాను. మిగతావాళ్లలో ఒకరిద్దరు తల అడ్డంగా ఊపారు. నిద్రలో ఫోన్ రావడం వాళ్లకి ఇష్టం లేదు, అది వాళ్ల హక్కు, ఇక్కడ ఎవరూ దాన్ని తప్పు పట్టరు.

చివరికి తేలింది ఇది. ఏ పనీ నడవని సెషన్‌ని అడగకుండా తీసేయొచ్చు. పని నడుస్తున్న సెషనైతే, "ఫోన్ చెయ్యొచ్చు" అని టికెట్‌లో రాసిపెట్టినవాళ్లది వాళ్లని అడిగాకే తీస్తారు. రాయనివాళ్లది మునుపటిలాగే. ప్రస్తుతానికి ఆ వరుస రాసిపెట్టేది నేనొక్కణ్ణే.