పాత కారవాన్ ముందు మూల: మీటర్ మళ్లీ 26కి ఎక్కింది

కారు వెనక తగిలించి లాగే మా పాత కారవాన్ గోడలో తేమ మళ్లీ 26 శాతం! డ్రైవర్ వైపు ముందు మూలలో ఆనింగ్ రైలు (గోడ అంచున బిగించే, పందిరి గుడ్డ దూర్చే పట్టీ) మొత్తం ఊడదీసి, కొత్త మాస్టిక్ (నీళ్లు చొరబడకుండా అతుకులో పెట్టే ముద్ద) పెట్టి, వారాల తరబడి డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) నడిపితే 28 నుంచి 19కి దిగింది. ఎంత సంబరపడ్డానో! శనివారం రాత్రి ఇక్కడ ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో కుండపోత. ఆదివారం పొద్దున్నే మీటర్ గుచ్చి చూస్తే 26. తల ప్రాణం తోకకొచ్చింది.

బండి 2004 నాటి రెండు బెర్తుల టూరర్. 1,450 పౌండ్లకు కొన్నాను. ఎంటీపీఎల్ఎం (సామానుతో సహా ఉండదగ్గ గరిష్ఠ బరువు) 1,130 కిలోలు, మా ఆక్టేవియా కారు కర్బ్ వెయిట్‌లో (ఖాళీ బరువులో) 85 శాతం లోపే. బ్రేకులు, గ్యాస్ మీద ఫ్రిజ్, ట్రూమా హీటర్ అన్నీ బాగున్నాయి. టైర్ల మీద తేదీ 2013 అని ఉంది. ట్రెడ్ నిండుగా ఉన్నా పాతబడ్డాయని రెండూ మార్చేశాను.

ఇక ఆ మూల సంగతి. రైలు విప్పకముందు కారవాన్ లోపలి నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో 28, 40 దగ్గర 23, కిటికీ అంచు కింద 80 దగ్గర 16, పైకప్పు మూలలో 13. ఎదుటి మూలలో ఎక్కడ గుచ్చినా 12 నుంచి 14 మధ్యే. విప్పితే పాత మాస్టిక్ అప్పడంలా విరిగింది. కింది నాలుగు స్క్రూలు తుప్పు పట్టాయి, అక్కడి చెక్కలోకి సూది ఆరు మిల్లీమీటర్లు దిగింది. అంతకంటే పైన చెక్క గట్టిగానే ఉంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, బ్యూటిల్ టేపు (టేపు రూపంలో వచ్చే మెత్తటి రబ్బరు మాస్టిక్) వేసి మళ్లీ బిగించాను.

చాలామంది రైలుకి సికాఫ్లెక్స్ 512 వాడమంటారు. జిగురుగా దానికి తిరుగులేదు, కానీ రైలుకి మాత్రం వద్దు. రేపు మళ్లీ విప్పాల్సి వస్తే పల్చటి అల్యూమినియం రేకు కూడా వంగిపోయి వస్తుంది. గట్టిపడని బ్యూటిలే సరైనది, పొంగిన చోట వైట్ స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. బాత్‌రూమ్ సిలికాన్ అయితే దగ్గరకే రానివ్వకండి. అది ఒకసారి పూశాక ఆ రేకు మీద ఇంకేదీ సరిగా అంటదు.

మరి నీళ్లు ఎక్కడి నుంచి? వానకు ముందు, తర్వాత అంకెలు పక్కపక్కన రాసుకున్నాను. 10 దగ్గర 19 నుంచి 26. 40 దగ్గర 17 నుంచి 23. 80 దగ్గర 15, వాన తర్వాత కూడా 15. పైకప్పు మూలలో మార్పే లేదు. ముందు కిటికీ పై రైలులో ప్లాస్టిక్ పట్టీ కుంచించుకుపోయి చివర్లో రెండు సెంటీమీటర్ల సందు వచ్చింది, మొదట అనుమానం దాని మీదే. కానీ అక్కడి నుంచి కారితే 80 దగ్గర కూడా పెరగాలి కదా? మార్కర్ లైటు (బండి అంచు తెలిపే చిన్న దీపం) విప్పి చూశాను, లోపల పొడిగా ఉంది. బండి కదలనే లేదు కాబట్టి చక్రాల నుంచి చిమ్మిన నీళ్లు కూడా కావు. 40కీ 80కీ మధ్య బయట ఉన్నది ఒక్కటే: 60 సెంటీమీటర్ల దగ్గరున్న గ్రాబ్ హ్యాండిల్ (బండిని చేత్తో జరపడానికి పట్టుకునే పిడి). దాని కింద నీళ్లు ఆపే ఫోమ్ గాస్కెట్ గోటితో గీరితే పొడిగా రాలుతోంది. నీళ్లు స్క్రూల వెంట లోపలి చెక్క దిమ్మలోకి, అక్కడి నుంచి కిందికి దిగుతున్నాయని నా అంచనా.

వచ్చే వారాంతం హోస్ పైపు పరీక్ష. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో ఎత్తులో పావుగంట చొప్పున నీళ్లు, హ్యాండిల్ మీద ముందు ఫాయిల్ టేపు అంటించి ఒకసారి, తీసేసి ఒకసారి. హ్యాండిలే అని తేలితే విప్పి, బాగా ఆరనిచ్చి, బ్యూటిల్ మీద కూర్చోబెడతాను. దిమ్మ మెత్తబడి ఉంటే లోపలి మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి కొత్త చెక్క వేయక తప్పదు.

జులైలో ఖమ్మం నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లిద్దరినీ ఇందులో పడుకోబెట్టి, మేం పక్కన టెంట్ వేసుకుని, వేల్స్ సముద్రతీరంలోని టెన్బీ వెళ్లాలని ఆశ. నాన్న మోకాళ్లకు నేల మీద పడక కుదరదు. ఐదు కారవాన్లకు మించి ఉండని చిన్న సైటు చూస్తున్నాను. హుకప్ (సైటులో బండికి ఇచ్చే కరెంటు కనెక్షన్) పది ఆంపియర్లయితే 2,300 వాట్లు, ఆరయితే 1,380. రైస్ కుక్కర్, కెటిల్ కలిపి పెడితే ఆరు చోట ట్రిప్ అవుతుంది. అందుకే పప్పు గ్యాస్ మీద, అన్నం కుక్కర్‌లో అని అమ్మకు ఇప్పుడే ఫోన్‌లో చెప్పి ఉంచాను.