నెట్ పోయిందని ఫోన్ చేసే ముందు ఆ చిన్న విండో చదవండి

నెట్ ఆగిపోతే మన ఇళ్లల్లో జరిగేది దాదాపు ఒకటే. ముందు రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, అప్పటికీ రాకపోతే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తారు, అతను ఎత్తకపోతే ఇక ఆ పూటకి అంతే సంగతులు. ఈలోపు కంప్యూటర్ తనకి తెలిసిందంతా స్టేటస్ అనే ఒక చిన్న విండోలో రాసి పెట్టుకునే ఉంటుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లే లేరు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ నాలుగు లైన్లు చదవడం రాక అక్కర్లేని కార్డులు కొన్నవాళ్లని, అక్కర్లేని ప్లాన్లకి మారినవాళ్లని మా చుట్టాల్లోనే చూశాను. అందుకే తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నా. విండోస్ వాడే ఇళ్ల కోసం ఇది.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన డబ్బాలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే మీ కంప్యూటర్‌లో ఉన్న అడాప్టర్లన్నీ, అంటే నెట్‌కి కలిపే కార్డులన్నీ, బొమ్మలుగా కనిపిస్తాయి. పాత విండోస్ 7లోనూ, ఇప్పటి 11లోనూ ఇదే దారి. ఈథర్‌నెట్ అంటే వైరు, వై-ఫై అంటే మీకు తెలిసిందే. మీరు వాడుతున్నదాని మీద డబుల్ క్లిక్ చేస్తే స్టేటస్ విండో వస్తుంది.

అది తెరవకముందే బొమ్మలు కొంత చెప్పేస్తాయి. బొమ్మ బూడిద రంగులో ఉండి కింద డిజేబుల్డ్ అని ఉంటే ఎవరో దాన్ని ఆపేశారని అర్థం, డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ లేస్తుంది. ఎర్ర ఇంటూ మార్కుతో నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్ అని ఉంటే వైరు ఊడిందనే అందరూ అనుకుంటారు గానీ, వైరుకి అవతలి చివర నుంచి సిగ్నల్ రావట్లేదని మాత్రమే దాని అర్థం, కాబట్టి రౌటర్‌కి కరెంటు లేకపోయినా అదే మాట కనిపిస్తుంది. బ్లూటూత్ నెట్‌వర్క్ కనెక్షన్ మీద ఎర్ర ఇంటూ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. అసలు వై-ఫై బొమ్మే లేదంటే మాత్రం సంగతి నెట్‌ది కాదు, డ్రైవర్‌దో (అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌దో) కార్డుదో, డివైస్ మేనేజర్‌లో చూడాలి.

స్టేటస్ విండోలో మొదటి లైన్ ఐపీవీ4 కనెక్టివిటీ. ఐపీవీ4, ఐపీవీ6 అంటే నెట్‌లో అడ్రస్‌లు రాసే పాత, కొత్త పద్ధతులు. దాని పక్కన ఇంటర్నెట్ అని ఉంటే సరే. కింద ఐపీవీ6 దగ్గర నో నెట్‌వర్క్ యాక్సెస్ అని కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఇళ్లకి వచ్చే కొన్ని కనెక్షన్లలో అది ఇంకా ఇవ్వట్లేదు. అసలు ఆ ఇంటర్నెట్ అనే మాట విండోస్ ఎలా తేల్చుకుంటుందో తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, అందులో మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్ అని మూడే మాటలు. విండోస్ 10 కాలం నుంచీ కంప్యూటర్ నెట్‌కి కలిసినప్పుడల్లా వెళ్లి ఆ ఫైలు అడుగుతుంది. ఆ మాటలు అలాగే తిరిగి వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, రాకపోయినా, వాటి బదులు ఇంకేదైనా పేజీ వచ్చినా లేనట్టు. హోటల్ వై-ఫైలో లాగిన్ పేజీ దానంతట అది తెరుచుకోవడం వెనక ఉన్నది కూడా ఈ పరీక్షే.

దీనివల్ల ఒక తమాషా చిక్కు వస్తుంది. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటుంది, స్టేటస్‌లో ఇంటర్నెట్ అనే ఉంటుంది, బ్రౌజర్‌లో మాత్రం ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ సురక్షితం కాదని గోల. ఇలాంటప్పుడు అదే విండోలో డీటెయిల్స్ అనే బటన్ నొక్కి లీజ్ అబ్‌టెయిన్డ్ (రౌటర్ మీ కంప్యూటర్‌కి అడ్రస్ ఇచ్చిన సమయం) అనే లైన్‌లో తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తే దోషం నెట్‌లో లేదు, మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్లు అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్తోంది, ఆ పాత తేదీకి సైట్లు తమ గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్లు చెల్లుబాటు కావు. విండోస్ అడిగే ఆ టెక్స్ట్ ఫైలు భద్రత తొడుగు లేని మామూలు హెచ్‌టీటీపీలో వస్తుంది కాబట్టి దానికి సర్టిఫికెట్‌తో పనిలేదు, అందుకే స్టేటస్ మాత్రం బాగానే ఉందంటుంది. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే అయిపోయే పనికి నెట్ వాళ్లతో గొడవ పడేవాళ్లు ఎంతమందో.

ఇక స్పీడ్ అనే లైను. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. అక్కడ కనిపించే అంకె మీ ప్లాన్ స్పీడు కాదు, మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఒప్పందం ఎంతకి కుదిరిందో అది. మేడ మీద ట్యాంకు నుంచి కుళాయికి వేసిన పైపు ఎంత లావో చెప్పినట్టు, మున్సిపాలిటీ వాళ్లు ఎన్ని నీళ్లు వదిలారో దానికి తెలియదు.

తెనాలిలో మా బాబాయి వాళ్లింట్లో ప్లాన్ 200 ఎంబీపీఎస్. రౌటర్ పక్కన నిలబడితే ఫోన్‌లో దాదాపు అంతా వచ్చేది, కంప్యూటర్‌లో మాత్రం తొంభై దాటేది కాదు. చూడటానికి వచ్చిన ఒకతను కంప్యూటర్ పాతదైపోయింది అన్నాడట, ఇంకొకతను ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడట. బాబాయి ఆ పెద్ద ప్లాన్‌కి మారడానికి సిద్ధపడిపోయాడు కూడా. స్టేటస్ తెరిచి చూపిస్తే స్పీడ్ దగ్గర 100.0 ఎంబీపీఎస్ అని ఉంది. "అదేంట్రా, ప్లాన్ రెండొందలైతే ఇక్కడ వంద అని ఉందేంటి?" అన్నాడు. "అది ప్లాన్‌ది కాదు బాబాయ్, నీ వైరుది," అని డీటెయిల్స్‌లో డిస్క్రిప్షన్ లైను చూపించాను. రియల్‌టెక్ పీసీఐఈ జీబీఈ అని ఉంది. జీబీఈ అంటే గిగాబిట్, అంటే ఆ కార్డు వెయ్యి వరకూ పోగలదు. రౌటర్ పోర్టూ గిగాబిట్‌దే. మరి వందకి ఎందుకు ఒప్పుకున్నాయి రెండూ?

వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి. వంద ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఒక్క తీగ తెగినా, క్లిప్పులో సరిగ్గా పట్టకపోయినా రెండు వైపులా గిగాబిట్ వదిలేసి, వందకి కావలసిన ఆ రెండు జతలు బాగుంటే, వందకి దిగిపోతాయి. నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బాబాయి వాళ్లింట్లో వైరు తలుపు కింద నుంచి వెళ్తోంది, తలుపు వేసినప్పుడల్లా నలిగి ఆ చోట పైతొడుగు చప్పిడై తెల్లబడిపోయింది. వేరే క్యాట్ 6 వైరు తెచ్చి కిటికీ పక్కనుంచి లాగి పెట్టగానే అదే లైను 1.0 జీబీపీఎస్ అని మారింది, స్పీడ్ టెస్టు రెండొందల దగ్గరికి వచ్చింది. ప్లాన్ మార్చలేదు, కార్డు కొనలేదు. అయితే ఒక మాట, చవక రౌటర్లలో చాలావాటికి పోర్టులే వంద వరకు ఉంటాయి, అలాంటప్పుడు ఎంత మంచి వైరు వేసినా ఆ అంకె పెరగదు. రౌటర్ మోడల్ చూసుకుని ఆ తర్వాతే వైరు మీద అనుమానపడండి.

వై-ఫై అయితే ఆ అంకె ఒకచోట నిలవదు, మీరు గది మారితే అదీ మారుతుంది. 72.2 అని ఉంటే మీరు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే యాంటెన్నా మీద నడుస్తున్నారని దాదాపు ఖాయం. 433.3, 866.7 లాంటివి 5 గిగాహెర్ట్జ్‌లో వచ్చే అంకెలు. వై-ఫైలో రాసినదానికీ చేతికి వచ్చేదానికీ చాలా తేడా, సగానికి కాస్త అటూ ఇటూ వస్తే సంతోషించాలి. కాబట్టి 72.2 కనిపిస్తూ, నా వందల ప్లాన్ రావట్లేదని ఫోన్ చేయడం దండగ, ముందు 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలిసి చూడండి. అది గోడలు దాటడంలో కాస్త బలహీనం, రౌటర్ హాల్లో ఉండి మీరు వెనక గదిలో ఉంటే 2.4 ఏ నయం కావచ్చు.

స్పీడ్ పైన డ్యూరేషన్ అని ఉంటుంది, ఎవరూ చూడరు, నాకైతే చాలా ఇష్టమైన లైను. కనెక్షన్ తెగకుండా ఎంతసేపటి నుంచి ఉందో అది. పొద్దున్నుంచి ఆన్‌లోనే ఉన్న కంప్యూటర్‌లో అక్కడ నాలుగు నిమిషాలు అని ఉంటే నాలుగు నిమిషాల కింద తెగి మళ్లీ కలిసిందన్నమాట. మీటింగ్ మధ్యలో గొంతు ఆగిపోతోందనేవాళ్లు ఇది రెండు మూడుసార్లు చూసుకోవాలి. మన దగ్గర దీనికి తరచుగా కనిపించే కారణం కరెంటు, ఇన్వర్టర్ మీదకి మారే ఆ ఒక్క క్షణంలో రౌటర్ ఆరిపోయి మళ్లీ లేస్తుంది, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండటం వల్ల ఆ సంగతి మనకి తెలియదు. రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెడితే ఆ బాధ తీరుతుంది.

కింద సెంట్, రిసీవ్డ్ అని రెండు అంకెలు కదులుతూ ఉంటాయి. నెట్ రానప్పుడు ఏదైనా పేజీ తెరవడానికి ప్రయత్నిస్తూ వాటినే చూడండి. సెంట్ పెరుగుతూ రిసీవ్డ్ కదలకుండా ఉంటే మీ కంప్యూటర్ అడుగుతూనే ఉంది, అటు నుంచి జవాబు లేదు. రెండూ కదలకపోతే ఆటంకం మీ మెషీన్‌లోనే ఉందేమోనని చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది డీటెయిల్స్‌లో ఐపీవీ4 అడ్రస్. మామూలుగా ఇంట్లో 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే మాత్రం ఆగండి. రౌటర్‌ని అడ్రస్ ఇవ్వమని కంప్యూటర్ అడిగింది, ఎవరూ పలకలేదు, దాంతో తనకి తానే ఒకటి పెట్టేసుకుంది. ఈ అంకె ఉన్నంతసేపూ వై-ఫై గుర్తు నిండుగా కనిపించినా నెట్ రాదు, కేబుల్ అబ్బాయి స్తంభం ఎక్కినా లాభం లేదు, ఎందుకంటే తెగింది మీ ఇంట్లోనే, మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య. ఇంట్లో మిగతా ఫోన్లకి వస్తోందా చూడండి, వస్తుంటే వై-ఫై ఒకసారి మర్చిపోనిచ్చి, అంటే ఫర్‌గెట్ కొట్టి, మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చి కలపండి. ఎవరికీ రాకపోతే రౌటర్ రీస్టార్ట్ చేయాలి. ఇంకొకటి, డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తానే అడ్రస్ ఇచ్చే పద్ధతి) ఎనేబుల్డ్ పక్కన నో అని ఉంటే ఎప్పుడో ఎవరో అడ్రస్‌ని చేత్తో రాసిపెట్టారు. రౌటర్ మార్చాక పాత అడ్రస్ అలాగే ఉండిపోయి నెట్ రాని ఇళ్లు చాలానే ఉంటాయి, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చేస్తే సరిపోతుంది.

అడ్రస్ బాగుండి కూడా నెట్ రాకపోతే అదే పేజీలో డిఫాల్ట్ గేట్‌వే అంకె రాసుకోండి, అది మీ రౌటర్. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి ఆ అంకె ఇవ్వండి, ఉన్నావా అని అవతలి వాళ్లని పిలిచి చూడటం లాంటిది అది. రిప్లై వస్తే ఇంట్లో అంతా సవ్యం. తర్వాత పింగ్ 8.8.8.8 చేయండి, అది బయట ఉండే గూగుల్ సర్వర్ అడ్రస్. అది పలికి, సైటు పేరుతో చేస్తే పలకకపోతే బయటి దారి బాగానే ఉంది, పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయట్లేదు, డీఎన్‌ఎస్ సర్వర్ మార్చి చూడొచ్చు. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే బయటే ఏదో జరిగింది, ఇప్పుడు ఫైబర్ బాక్సు మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదు.

ఇక అప్పుడు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, "రౌటర్ పింగ్ అవుతోంది, ఎల్ఓఎస్ రెడ్ ఉంది, రీస్టార్ట్ చేసి చూశాను," అనండి. రౌటర్ ఆపి వేశారా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, వైరు అతికే మిషను పట్టుకుని నేరుగా ఎవరైనా వచ్చే అవకాశం ఎక్కువ.